జీతం లేని పనివాడు

"ఎవడు సార్ ఆ మాటన్నది? పేరు చెప్పండి చాలు, మిగతాది నేను చూసుకుంటా!"

వెల్డరు బల్ల మీద గుద్దిన గుద్దుకి ఫైనాన్స్ మేనేజరు కళ్ళద్దాలు ఎగిరి ఫైలు మీద పడ్డాయి. వరసలో కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. చూడనీ. షాపుకో చిన్న ట్రాలీ బండి కొనుక్కుందామని అప్పు అడిగి, అడిగిన కాగితమల్లా తెచ్చిచ్చి, ఇరవై రోజులు ఈ ఆఫీసు చుట్టూ తిరిగితే, చివరికి 'కుదరదు' అని ఒక్క ముక్క రాసి చేతిలో పెడతారా? ఎవడికి మండదు?

మేనేజరు కళ్ళద్దాలు తుడిచి పెట్టుకున్నాడు. "పేరు మాకూ తెలీదండీ. మంగళవారం పొద్దున మా మనిషి మీ షాపుకొచ్చి వాకబు చేశాడు. చెప్పింది మీ పనివాడే. ఇదిగో రిపోర్టు. ఓనరు పత్తా లేడు, పనివాడికి రెండు నెలలుగా జీతం లేదు. ఇలాంటి షాపుకి అప్పెలా ఇస్తాం, మీరే చెప్పండి."

"నాకసలు పనివాడే లేడు సార్! కోసేదీ నేనే, అతికేదీ నేనే, ఆఖరికి షెడ్డు ఊడ్చేదీ నేనే!"

"మరి మాట్లాడిందెవరు? వెల్డింగు ముసుగు వేసుకున్నాడట, మొహం కనపడలేదట."

వెల్డరు మనసులో లెక్కేసుకున్నాడు. మంగళవారం. ముసుగు. ఆ రోజు తను టీకి వెళ్ళొచ్చేసరికి షెడ్డులో ఉన్నదెవరు? బావమరిది! డ్రిల్లింగు మిషను కావాలని వచ్చాడు. వాడిదీ వెల్డింగు షాపే. కొత్త అపార్టుమెంటు గ్రిల్స్ పనికి తనతోపాటు వాడూ రేటు రాసిచ్చాడు. సోమవారంలోగా సొంత బండి చూపిస్తే పని నీది, లేకపోతే నీ తర్వాతవాడిది అని బిల్డరు తెగేసి చెప్పాడు. ఆ తర్వాతవాడు ఎవడు? వాడే!

"ఇంకొక్కసారి మనిషిని పంపించండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు గొంతు తగ్గించి.

"సరే, పంపిస్తా. ఎప్పుడొస్తాడో మాత్రం ముందు చెప్పం, అది మా పద్ధతి. ఇదే ఆఖరు."

మెట్లు దిగుతుంటే ఫోను మోగింది. నెల కిందట గేటు ఆర్డరిచ్చినాయన.

"దార్లో ఉన్నానండీ! గేటు బండెక్కించేశా, పదంటే పది నిమిషాలు!" అని పెట్టేశాడు. గేటు ఇంకా ఊచలుగానే షెడ్డు గోడకి ఆనించి ఉంది. ఈ టైములో ఆ గొడవ ఎవడిక్కావాలి?

బావమరిది తన షాపు ముందు కూర్చుని కిటికీ ఫ్రేముకి కొలత తీసుకుంటున్నాడు. వెల్డరు వస్తూనే ఆ టేపు లాక్కుని రోడ్డు మీదికి విసిరేశాడు.

"ఏరా, నా కడుపు మీద కొట్టడానికి నా షెడ్డే దొరికిందా? నా ముసుగే దొరికిందా?"

"ఏంటి బావా? ఏమైంది?"

"నంగనాచి వేషాలెయ్యకు! మంగళవారం ఫైనాన్సువాడి దగ్గర ఏం వాగావు? నేను నీకు జీతం ఎగ్గొట్టానా? మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా గానీ, లేకపోతే ఈపాటికి..."

బావమరిది మొహం కందిపోయింది. "మిషను తీసుకున్నా, వచ్చేశా. నన్నెవడూ ఏమీ అడగలేదు. అడిగితే మాత్రం నీ గురించి చెడ్డగా చెప్తానా? నీ అప్పుకి ష్యూరిటీ సంతకం పెట్టిందెవరు బావా? నేను కాదూ?"

"ముందు సంతకం పెట్టి, వెనకాల గొయ్యి తవ్వావు!"

"అక్క మీద ఒట్టు..."

"దాని మీద ఒట్టేశావంటే నాలిక చీరేస్తా! నువ్వూ వద్దు, నీ చుట్టరికమూ వద్దు. ఇవాళ్టినుంచి నా గడప తొక్కావో, కాళ్ళు విరగ్గొడతా!"

బావమరిది లేచి వెళ్ళి టేపు తెచ్చుకున్నాడు. దాని దుమ్ము చొక్కాకి తుడిచాడు. "ఆ సంతకం మాత్రం వెనక్కి తీసుకోను. అది అక్క కోసం. నువ్విక నా షాపుకి రాకు బావా."

"ఛీ! ఎవడొస్తాడ్రా!"

షెడ్డుకొచ్చినా ఒంట్లో మంట చల్లారలేదు. చుట్టరికం పోతే పోయింది, బండి వస్తే చాలు. ఫైనాన్సు మనిషి ఎప్పుడొచ్చినా మర్యాదగా కూర్చోబెట్టాలని, ఉన్న ఒక్క కుర్చీనీ శుభ్రంగా తుడిచి గుమ్మం పక్కన వేశాడు. ఊరికే కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది. గేటు ఊచలు ముందేసుకుని, ముసుగు దించి, రాడ్డు అంటించాడు. అతుక్కొక తిట్టు చొప్పున బావమరిదిని తిడుతూ పని చేస్తున్నాడు.

"ఏమండీ... ఓనరుగారున్నారా?"

ముసుగు కిందనుంచి మెరుగు పెట్టిన బూట్లు, నలగని ప్యాంటు అంచులు కనిపించాయి. గేటాయన పంపిన మనిషే! పది నిమిషాలన్నది గంటన్నరైంది, ఊరుకుంటాడా? అసలే తల పగిలిపోతుంటే మధ్యలో వీడొకడు ప్రాణానికి! ఇలాంటివాళ్ళకి చెప్పే మాట వెతుక్కోనక్కర్లేదు, ఏళ్ళనుంచీ నాలిక మీదే ఉంది. ముసుగు ఎత్తలేదు, రాడ్డు ఆపలేదు.

"ఓనరా? ఏ ఊరు చెక్కేశాడో, ఎప్పుడొస్తాడో! నా జీతమే రెండు నెలల్నుంచి ఎగ్గొడుతున్నాడు. మీకేం చెప్పమంటారు? వెళ్ళండి, వెళ్ళండి!"

బూట్లాయన రెండడుగులు వెనక్కేసి, తుడిచి పెట్టిన కుర్చీలో కూర్చుని, ఫైలు తెరిచి ఒళ్ళో పెట్టుకుని ఫోను తీశాడు.

"సార్, అదే పనివాడు. పాపం, ఇంకా జీతం ఇవ్వలేదట."