జానెడు గొట్టం

ఆ పొద్దు కూడా దొర స్నానానికి నీళ్లు గోరువెచ్చగానే వచ్చాయి. ఆ పొద్దు కూడా ముత్తమ్మకు తిట్లు పడ్డాయి.

తప్పు ముత్తమ్మది కాదు. పెరట్లో పొయ్యి మీద రాగి బాయిలర్‌లో నీళ్లు సలసలా కాగేవి. అక్కణ్ణుంచి ఇనుప గొట్టం కట్టెల కొట్టంలో దూరి, నడవా అంతా చుట్టి, దొర స్నానాల గదికి చేరేది. హైదరాబాదులో చుట్టాలింట్లో చూసి దొర ముచ్చటపడి, మిర్యాలగూడ రైసుమిల్లు మేస్త్రీని పిలిపించి బిగించుకున్న వైభోగం అది. అంత దూరం వచ్చేసరికి వేడంతా దారిలోనే పోయేది. గొట్టాన్ని తిట్టి లాభం లేదు కనుక పొయ్యి రాజేసే మనిషిని తిట్టేవారు.

అది నలభై ఏడు చివర. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని విన్నారు. సూర్యాపేటకూ కోదాడకూ నడుమ ఉన్న ఆ ఊరికి మాత్రం రాలేదు. చుట్టుపక్కల ఊళ్లలో రైతుల సంఘం వచ్చి వెట్టిచాకిరి పోయింది. ఇక్కడ దొర గడి ముందు పోలీసులు డేరాలు వేశారు కాబట్టి వెట్టి నిక్షేపంగా ఉంది.

ముత్తమ్మ బాలింత. నెల తక్కువ పుట్టిన ఆడపిల్ల, పిడికెడంత ఉంది. తల్లేమో కోడి కూయకముందే గడికి పోవాలి. చంటిపిల్లల్ని గడిలోకి తేకూడదు. పొద్దున్నే ఏడుపు వినబడితే దొరకు అపశకునమట. ఎవరో ఒకామె తెస్తే తల్లినీ పిల్లనూ పొద్దుగూకే దాకా ఎండలో నిలబెట్టారు. పిల్లను పక్కింటి చంద్రమ్మ దగ్గర వదిలి పోతున్నానని ముత్తమ్మ మొగుడికి చెప్పింది.

మొగుడు మట్టయ్య మంచివాడే. కడుపులో మాట మాత్రం దాగదు. గడి గుమాస్తా ఒక బీడీ ఇస్తే చాలు, ఇంటి గుట్టంతా అతని ముందు పరిచేస్తాడు. అందుకే ముత్తమ్మ అతని దగ్గర చాలా మాటలు మింగేసేది.

తిట్లు తిన్న పెళ్లాం ముఖం చూడలేక మట్టయ్య దొర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొట్టానికి గడ్డి చుట్టి మట్టి మెత్తితే వేడి పోదని చెప్పాడు.

దొర మీసం దువ్వాడు. "నీళ్లు కాలాలెరా. కాలితే నువ్వడిగింది ఇస్త."

ఏం అడగాలో మట్టయ్యకు అప్పుడే తెలుసు. ముత్తమ్మ తెల్లారాక పనికొస్తే చాలు. పిల్ల ఆ చలివేళ తల్లి ఒళ్లో పడుకుంటుంది, కడుపునిండా పాలు తాగుతుంది. అంతకంటే అతనికి ఏ సంపదా అక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఆడవాళ్లంతా దొర పొలంలో ఉన్నప్పుడు, పని మొదలుపెట్టాడు. వరిగడ్డిని తాడులా పేని చుట్టాడు. దాని మీద గోనెపట్టా. దాని మీద ఊక కలిపిన ఎర్రమట్టి. కట్టెల కొట్టంలో మూలకు వచ్చేసరికి, దుంగల చాటున, సరిగ్గా గొట్టం కింద, గడ్డి గుండ్రంగా అణిగి ఉంది.

కుక్క పడుకుంటున్నట్టుందని గుమాస్తాకు చూపించాడు. దొర గొట్టం దగ్గర కుక్క కూడా దొరలాగే బతుకుతోందని ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గడ్డి మెత్తగా, పొడిగా ఉంది. మట్టయ్య దాన్నే పీకి, పేని, ఆ మూల గొట్టానికి ఒకటికి రెండు వరసలు చుట్టాడు.

రాత్రి గంజి పోస్తూ ముత్తమ్మ అడిగింది.

"కొట్టంల ఆ మూలకు గొట్టం జానెడంత ఇడిసిపెట్టరాదు?"

"ఎందుకే?"

"పొద్దుగాల చేతులు కొంకర్లు పోతున్నయ్. జర కాపుకుంట."

"నువ్వు కాపుకుంటే దొర నీళ్లు సల్లబడయా? నాలుగు దినాలు ఓపిక పట్టు. నీకు ఇంట్ల పండే దినమొస్తది."

ఆమె ఇంకేదో అనబోయి గుక్కెడు నీళ్లు తాగింది.

ఆ వారం చలి ఎముకలు కొరికింది. పిల్లకు దగ్గు పట్టింది, డొక్కలు ఎగరేసింది. చంద్రమ్మ ఇంట్లో చలిగాలి కొడుతోందేమోనని మట్టయ్య బాధపడ్డాడు. ముత్తమ్మ పిల్లను కొంగులో ఇంకో చుట్టు చుట్టింది.

వారం తిరిగేసరికి దొర నుంచి పిలుపు వచ్చింది. స్నానాల గదిలోంచి ఆవిరి పొగలు పొగలుగా బయటికి వస్తోంది. దొర తువ్వాలు చుట్టుకుని ఎర్రగా నవ్వుతున్నాడు.

"శెబాష్ రా. ఏం గావాలె?"

"బాంచెన్ దొరా. నా ఆడిది పసిపిల్ల తల్లి. తెల్లారినంక పనికొస్తది, దయ సూడుండ్రి."

"గంతేనా? రేపటి నుంచి గట్లనే రమ్మను."

మట్టయ్యకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ మాట ముత్తమ్మకు చెప్పాలని పెరట్లోకి పరిగెత్తాడు. పొయ్యి దగ్గర ఆమె లేదు. రోటి దగ్గర చంద్రమ్మ వడ్లు దంచుతోంది.

"నువ్వు గీడున్నవేంది?" అన్నాడు.

"దసరా కాంచి రోజూ గీడనే కద. కోడి కూసేటాల్లకు రాకుంటే ఊకుంటరా?"

మట్టయ్య నవ్వు అక్కడే ఆగిపోయింది. కట్టెల కొట్టంలోకి పోయాడు. మూలన దుంగల చాటున ముత్తమ్మ కూర్చుని ఉంది. గోళ్ల నిండా ఎర్రమట్టి, నెత్తురు. గొట్టం మీంచి జానెడు మేర గడ్డీ గోనెపట్టా ఊడి పడి ఉన్నాయి.

కుక్కదనుకుని తను పీకేసిన ఆ గుంట ఎవరి పడకో, కాలుతున్న ఇనుముకు ముత్తమ్మ ఎంత ఆనించినా ఇక వెచ్చబడని ఆ పిడికెడు పిల్లను చూశాక మట్టయ్యకు తెలిసింది.