చక్కెర లేని చాయ

మెట్ల కింద దాచిన చక్కెర బస్తాలను సప్లై ఆఫీసువాళ్లు బజారంతా చూస్తుండగా జీపులోకి ఎత్తుకుపోయారు. పోతూ పోతూ రేషన్ షాపుకు తాళం వేసి సీలు కొట్టారు.

అది ఎనభయ్యో సంవత్సరం. చక్కెర కంటికి కనబడని కాలం.

హన్మకొండలోని ఆ షాపుకు సారంగపాణి పేరుకే డీలరు. షాపూ, నోరూ రెండూ ఆయన భార్య కళావతివే. రేషన్ కార్డు పట్టుకొచ్చి, చక్కెర లేదంటే తిరగబడ్డ వాడకట్టు కట్టమ్మను మొన్ననే నాలుగిళ్ల అవతలికి వినపడేలా తిట్టి పంపిన నోరు అది.

కళావతి నడిబజార్లో నిలబడి దుమ్మెత్తి పోసింది.

"నా ముచ్చట చెప్పిన నోట్ల మన్ను పడ! ఆ నోటి మీద పగ తీరేదాక నేను చాయల చక్కెర ఏసుకుంటే ఒట్టు!"

"జర నెమ్మదే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు," అన్నాడు సారంగపాణి.

"నువ్వు ఊకో!"

ఎవరు చెప్పి ఉంటారా అని ఆలోచించింది. చూపు పోయి మేడ మీద ఆగింది.

మేడ మీది గదిలో మహ్‌నాజ్ అద్దెకుండేది. ఇరాన్ పిల్ల, ఇరవై దాటి ఎంతో కాలేదు. ఇరాన్‌లోనే పుట్టిన చిన్న మతం, బహాయి ధర్మం ఆమెది. జీతం లేని కొలువు. పొద్దున్నే బస్సెక్కి పరకాల దిక్కు పల్లెలకు పోయి, పిల్లలకు చదువూ పాటా చెప్పి సాయంత్రానికి తిరిగొచ్చేది. వాడకట్టులో ఎవరికీ ఆ పేరు నోరు తిరగక మైనా అని పిలిచేవారు. మార్చి ఎండల్లో పొద్దూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఒక్కపొద్దులుండేది. కళావతే జాలిపడి దీపాలు పెట్టే వేళకు చాయ పంపేది.

అన్నీ బాగానే ఉండేవి గానీ, ఆ పిల్ల ముచ్చట్లలో కలిసేది కాదు.

"కట్టమ్మ కోడలి సంగతి ఇన్నవా?" అని కళావతి మొదలుపెట్టిందో లేదో, "ఆమె లేనప్పుడు ఆమె ముచ్చట మనకెందుకక్కా?" అని నవ్వి మెట్లెక్కేది.

"నోరిప్పనోళ్ల కడుపుల కత్తులుంటయ్," అని ఇప్పుడు తేల్చేసింది కళావతి. "రోజూ గా మెట్లెక్కి దిగేదెవరు? బస్తాలు చూసిందెవరు? మైనా గదా, పోయి కూసింది!"

"ఆ పిల్ల అసొంటిది కాదే."

"ఊకోమన్ననా!"

పాము పగ అంటారు. పామే వచ్చి కళావతి దగ్గర ఓనమాలు దిద్దుకోవాలి. పైకి ఒక్క మాట అనలేదు. అదను కోసం కాచుకు కూర్చుంది.

అదను రానే వచ్చింది. మైనా ఈ దేశంలో ఉండే గడువు తీరింది. ఇంకో ఏడాది ఉండనివ్వమని అర్జీ పెట్టుకుంది.

ఒక సాయంత్రం సుబేదారిలోని సర్కారు ఆఫీసుల నుంచి వాడిన మొహంతో వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అక్కా, రేపు పోలీసాయన వస్తడు. నేనెట్లాంటిదాన్నో నిన్నే అడుగుతడట. ఉన్నదున్నట్టు చెప్పు, చాలు."

"ఉండనియ్యకుంటే ఏమైతది?"

"మా దేశం పోవాలె. మా నాయనను జైల్ల పెట్టిండ్రక్కా. మా ధర్మమోళ్లను ఇంటింటికొచ్చి పట్టుకపోతాండ్రు."

కళావతి గుండె కలుక్కుమంది. అంతలోనే సీలు పడ్డ షాపు గుర్తొచ్చి మళ్లీ బండరాయయింది.

మర్నాడు కానిస్టేబుల్ అడిగాడు.

"మంచిది కాదు సార్," అంది కళావతి. "ఎవరెవరో వస్తరు, పోతరు. పసిపిల్లలను మతంల కలుపుకుంటాంది. మాకైతే భయమైతాంది."

అంతే. దేశం విడిచి పొమ్మని కాగితం వచ్చింది.

మైనా గది ఊడ్చి, తాళంచెవి తెచ్చి కళావతి చేతిలో పెట్టింది.

"పోత అనొద్దు, వస్త అనాలె అని నువ్వే నేర్పినవు గదక్కా. వస్త."

రిక్షా మలుపు తిరిగింది. కళావతి లోపలికి పోయి చాయ పెట్టుకుని, రెండు చెంచాల చక్కెర వేసుకుని, ఊదుకుంటూ ఆఖరి చుక్క దాకా తాగింది. అంత కమ్మటి చాయ జన్మలో తాగలేదనిపించింది.

ఎండలు పోయి వానలొచ్చాయి. కేసు కొట్టేశారు, షాపు తాళం తీసుకుపొమ్మని సుబేదారి సప్లై ఆఫీసు నుంచి కబురొచ్చింది. కళావతి పట్టుచీర కట్టుకుని పోయింది.

"అదృష్టవంతురాలివమ్మా, ఆ బస్తాలు నువ్వే దాచినవని చెప్పే సాక్ష్యం లేక కేసు నిలవలే," అన్నాడు క్లర్కు రాజేశ్వర్ రావు తాళం ఇస్తూ.

"గది సరే సార్. నా మీద చెప్పింది గా ఇరానీ పోరే గదా?"

ఆయన కళ్లద్దాలు తీసి నవ్వాడు.

"ఒకరు చెప్పాల్నా? 'నా మెట్ల కింద బస్తాలకు బస్తాలున్నయ్, నీకు చిటికెడు గూడ ఇయ్య, ఎవనికి చెప్పుకుంటవో చెప్పుకో' అని కట్టమ్మ మీద బజార్ల అరిసింది నువ్వే గదమ్మా! గప్పుడు మా ఇన్‌స్పెక్టర్ సార్ పక్క హోటల్ల చాయ తాగుతాండు."

కళావతి కొంగుతో తన నోరు తానే మూసుకుంది. అట్లా చేయడం అదే మొదటిసారి.

"సాక్ష్యం కోసమని సార్ ఆ పిల్లను పిలిపిచ్చిండు. చూసింది చెప్పు, నీ అర్జీకి నేను మంచి మాట రాయిస్త అన్నడు."

"ఏమన్నది?"

"'అక్కను గూడ పిలువుండ్రి. ఆమె ముంగట అడిగితే చూసింది చెప్త. ఆమె లేనప్పుడు ఆమె ముచ్చట చెప్ప' అన్నది. సార్‌కు కోపమొచ్చి పొమ్మన్నడు."

"ఎప్పుడు సార్?"

"పోలీసాయన మీ ఇంటికి వచ్చిండు సూడు, దానికి ముందటి రోజు సాయంత్రం."

వాడిన మొహంతో గడప దగ్గర నిలబడ్డ పిల్ల కళ్ల ముందు కదిలింది. దారి పొడుగునా కళావతి కొంగు తడుస్తూనే ఉంది.

షాపు తెరిచిన రోజు సారంగపాణి సంతోషంగా చాయ పట్టుకొచ్చాడు.

"చక్కెర ఏసినవా?" అంది.

"ఏసిన. నీ పగ తీరి శాన దినాలాయె గదా."

కళావతి ఖాళీ గది వైపు మెట్లు చూస్తూ గ్లాసు పక్కకు జరిపింది.

"వద్దయ్యా. చెప్పిన నోటి మీద పగ ఇంకా తీరలే."