పెట్టెలో ఒక్కటే చీటీ

ఫిర్యాదుల పెట్టె పెట్టి నాలుగు నెలలైంది. తోటివాళ్లను ఏడిపించొద్దని గోడల నిండా కాగితాలు అంటించాను. అసెంబ్లీలో ప్రమాణం చేయించాను. వెనక బెంచీవాళ్లను ముందుకు లాగాను. అరిచి అరిచి నా గొంతు పోయింది గానీ, ఎనిమిదో తరగతిలో ఒక పిల్లను ‘నత్త’ అనడం మాత్రం ఆగలేదు.

ఈరోజు పెట్టె తెరిస్తే ఒక్కటే చీటీ. ‘నన్ను అలా పిలవొద్దని చెప్పండి.’ చేతిరాత మా నత్తదే. పిలిచేవాళ్ల పేర్లు మాత్రం లేవు.

ఒళ్లు మండిపోయింది. స్టాఫ్‌రూమ్‌కి పిలిపించాను.

“పేర్లు రాయకపోతే నేనేం చెయ్యనమ్మా? అసలు ఇది మొదలెట్టిన వెధవ ఎవడో చెప్పు, వాడి సంగతి తేలుస్తా!”

ఆ పిల్ల ఒక అడుగు వెనక్కి జరిగింది.

“భయపడకు, నేనున్నాగా.”

“మా క్లాసులో నా పేరు ఇద్దరికుంది కద సార్,” అంది. “హాజరు పిలిచేటప్పుడు కలిసిపోతున్నాయని... నేను బోర్డు మీది లెక్కలు నోటుబుక్కులోకి మెల్లగా ఎక్కించుకుంటానని...”

నా బల్ల మీదికి చూసింది.

హాజరు పట్టీ నా మోచేతి కిందే ఉంది. తెరవక్కర్లేదు. ఆమె పేరు పక్కన, గుర్తుకోసమని, ఆ మాట ఎర్ర సిరాతో రాసుకున్నది నేనే.

ఫిర్యాదుల పెట్టె తాళంచెవి కూడా నా జేబులోనే ఉంటుంది.