పార్కు గట్టుకి గండి

"గట్టు దానంతటది తెగుతుందంట్రా? గునపం పట్టుకుని అక్కడేం చేస్తున్నావు?"

పంచాయతీ ప్రెసిడెంటు తిరుపతిరావు అరుపుకి వంతెన మీద జనమంతా ఇటు తిరిగారు. చేతులు వెనక్కి కట్టేసినా అవతలి ఒడ్డు అప్పారావు తల వంచలేదు.

"మామిడితోటలో నీళ్లు నిలిస్తే కాలవ తీసి ఇంటికెళ్తున్నానండీ. గట్టు తెగిందని కేకలేస్తే ఆగాను."

"నమ్మమంటావు!"

నమ్మేవాళ్లు ఎవరూ లేరు. ఆ ఏటికి వరదొస్తే ఒక ఒడ్డువాళ్లు రెండో ఒడ్డు గట్టుకి గండి కొట్టడం, వాళ్లు కర్రలతో కాపలా కాయడం తాతలనాటి నుంచి ఉన్నదే. గట్టు తెగితే కొట్టిందెవడని అడుగుతారు తప్ప, ఎలా తెగిందని అడిగే పాపాన పోరు.

మైలవరం కొండల్లో కురిసిన వానంతా ఒక్కసారిగా దిగింది. ఊరి ఒడ్డున, ఆదివారం మంత్రిగారు ప్రారంభించాల్సిన కొత్త పార్కు మడుగైపోయింది. ఉయ్యాలలు, సిమెంటు బెంచీలు, ముచ్చటపడి నాటించిన రసాల అంట్లు అన్నీ నీళ్లలోనే. ఊరు మెరకన ఉంది కాబట్టి ఒక్క గడపా తడవలేదు. అవతలి ఒడ్డున పల్లంలో ఉన్న కూలీపేట మాత్రం గండి పడబట్టే బతికింది.

అప్పారావు తల్లి సవరమ్మ తడికొంగు బిగించి వంతెన దిగి వచ్చింది.

"వాణ్ణొదలండి. గండి కొట్టింది నేను."

"నోరు ముయ్యి!"

"ఎందుకు ముయ్యాలండీ? మీ పిల్లలు ఉయ్యాలలూగడానికి అంతెత్తు గట్టు కడితే ఆ నీళ్లెటు పోతాయనుకున్నారు? మా పొయ్యిల్లోకొచ్చాయి. నా కోడలు నెలబిడ్డని నెత్తిన పెట్టుకుని నిలబడిందండీ!"

అంతటితో ఆగలేదు. గట్టు కట్టించిన ఓవర్సీరు ప్రభాకరరావు మీద విరుచుకుపడింది.

"ఈ బాబునడగండి! గట్టు ఒకచోట దించుదాం, వరదొస్తే పార్కులోకి పరుచుకుంటుంది, తుంగా కానుగా ఉంటే మట్టి కోసుకుపోదు, నీరు తీశాక పిల్లలు మళ్లీ ఆడుకుంటారని మా పేటకొచ్చి మరీ చెప్పాడు. మీరు గదమాయిస్తే చిత్తం అన్నాడు. ఆ చదువెందుకు, పొయ్యిలో పెట్టనా?"

"పార్కులో నీళ్లేంటయ్యా, నలుగురూ నవ్వరూ అన్నాను. ఇప్పుడూ అదే అంటాను" అన్నాడు తిరుపతిరావు.

ప్రభాకరరావు నేలచూపులు చూశాడు. ఆనాడూ అంతే చూశాడు. పేటవాళ్లకి ప్రెసిడెంటు మీదకన్నా ఇతని మీదే ఒళ్లు మండింది. తిట్టేవాడు తిడతాడు, తెలిసినవాడికేం రోగం?

పోలీసు జీపు వచ్చి ఆగింది. సబిన్‌స్పెక్టరు దిగాడు.

"తల్లినా, కొడుకునా? ఎవర్నెక్కించమంటారు?"

"ఇద్దర్నీ! ఆ కోడల్నీ పసిదాన్నీ ఎవరు సాకుతారో నేనూ చూస్తాను" అంటూ తిరుపతిరావు వెనక్కి తిరిగాడు. "ఏమండీ ఓవర్సీరుగారూ, రేగడి పోసి, దిమ్మిస కొట్టించి కట్టిన గట్టు. గునపం పడకుండా తెగుతుందా? మీ నోటితో మీరే చెప్పండి."

సవరమ్మ కాండ్రించి ఉమ్మేసింది. ప్రభాకరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత ఎవరూ పిలవకుండానే వెళ్లి జీపెక్కి కూర్చున్నాడు.

"దించుదామన్న ఆ చోట ఉత్త ఇసకే పోయించానండీ."