చంటిపిల్లల షాంపూ కన్ను

పెళ్ళిచూపుల్లో ఉమాశ్రీ మా మనవడు అవినాష్‌ని అడిగిన మొదటి ప్రశ్న ఇది: "మీ ఎడమ కన్నొక్కటే అంత ఎర్రగా ఉందేమండీ?"

నా చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. రెప్పల వాపు వీడికి రెండేళ్ళ జబ్బు. ఆ ఎరుపు చూసి తాగుతాడనుకుని ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఏ తప్పు చేస్తాయో ముందే వెతికే ఉద్యోగం వీడిది, హైటెక్ సిటీలో. దాచడం చేతకాదు.

"కుడి రెప్ప చంటిపిల్లల షాంపూతో కడుగుతున్నానండి. ఎడమదానికి ఉత్త వేడినీళ్ళ గుడ్డ. ఏది మేలో నెల రోజులు పోల్చి చూస్తున్నాను."

ఈ ఒక్కరోజుకీ రెండూ షాంపూతోనే కడుక్కోరా అని పొద్దున బతిమాలాను. పరీక్ష పాడవుతుందన్నాడు.

ఆ పిల్లదీ అదే ఉద్యోగం. "ఏమీ వాడని కన్ను కూడా ఒకటుండాలి కదండీ. లేకపోతే పోలిక చెల్లదు," అంది.

"వీడికున్నవి రెండేనమ్మా," అన్నాను. "మూడోది తెరిస్తే మనమంతా బూడిదవుతాం."

ఆమె నవ్వలేదు. మందపాటి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. రెండు రెప్పల అంచులూ ఎర్రగా, పొట్టు కట్టి ఉన్నాయి.

"నేనింకా ఏమీ వాడలేదండి," అంది అవినాష్‌తో, మెల్లగా. "నా రెండూ కలుపుకుంటారా?"