చెమర్చే మూత

"ముందు ఇంజన్ పై మూత విప్పుదాం డాక్టరమ్మా. లోపల ఓ అంకె ఉంటుంది. అది చూడాలి."

చేతిసంచీ అయినా కింద పెట్టకుండా ఆ పెద్దాయన అన్న మొదటి మాట అది. పశువుల డాక్టరమ్మ తెల్లబోయింది. మేనమామ వదిలిపోయిన పాత కారుకి నూనె కారుతోందని, ఏ మెకానిక్కూ కారణం చెప్పలేకపోతున్నాడని పాత కార్ల వాళ్ళ గ్రూపులో ఫొటో పెట్టిందామె. మర్నాడే ఫోను. మూడోనాటికి రెండు రైళ్ళు మారి ఈయన గుమ్మంలో ప్రత్యక్షం.

మూత విప్పి బోర్లించాడు. లోపలి అంకె మీద బొటనవేలు ఉంచి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"మూత అతుకులో వేసే ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్పించారు?"

"నాలుగుసార్లు."

"నలభైసార్లు మార్చినా ఇంతే. కారేది అతుకులోంచి కాదు, లోహంలోంచే. పోత పోసేటప్పుడు అచ్చులో ఇసుక తడిగా ఉంటే ఆవిరి బుడగలు లోపలే చిక్కుకుపోతాయి. కంటికి ఆనవు. ఇంజన్ వేడెక్కాక ఆ సందుల్లోంచి నూనె చెమటలా ఊరుతుంది."

"చుక్కో రెండు చుక్కలో కదండీ. కింద ఓ గిన్నె పెట్టుకుంటే పోలా?" అని నవ్విందామె.

ఆయన నవ్వలేదు. "దీని కిందే పొగగొట్టం కాలుతూ ఉంటుందమ్మా. ఒక్క చుక్క చాలు."

మూత శుభ్రానికే మూడు రోజులు పట్టింది. మూతని మందులో కడిగి, ఆరబెట్టి, వంటింటి ఓవెన్‌లో సన్నటి వేడి మీద పెట్టేవాడు. లోపల దాగిన పాత నూనె పైకి తేలేది. తుడిచి మళ్ళీ కడిగేవాడు.

"నా పనితో మీ వంట పాడవుతోంది."

"ఒంటిదానికి వంటేమిటండీ! బ్రెడ్డు ముక్కతో సరి."

మేనమామ పోయాక ఆ ఇంట్లో సాయంత్రాలు మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. ఇప్పుడు గరాజులో దగ్గు వినిపిస్తుంటే డాక్టరమ్మకి క్లినిక్ నుంచి త్వరగా రావాలనిపించేది. అడ్డం తిరిగిన దూడని ఎలా బయటికి లాగిందో, ఏ కుక్క తనని ఎక్కడ కరిచిందో పూసగుచ్చినట్టు చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు.

"ఇంట్లో ఎవరెవరుంటారండీ?"

"ఎవరూ లేరు."

ఫీజు మాట ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమెకి అర్థమైంది, అర్థమైందనుకుంది. పని వంకతో నలుగురి మధ్య గడపాలని తిరుగుతున్నాడు, పాపం. ఒంటరివాళ్ళ బాధ ఒంటరివాళ్ళకి చెప్పాలా?

మూడోనాటికి మూత మీద నూనె తేలడం ఆగింది. లోపలంతా పల్చటి జిగురు మందు పూసి, వేడి మీద గట్టిపడనిచ్చాడు. నాలుగో రోజు పొద్దున్నే బిగించి, గంటసేపు ఇంజన్ నడిపి, తెల్లగుడ్డతో చుట్టూ తుడిచాడు. గుడ్డ తెల్లగానే ఉంది. మరోసారి తుడిచాడు. కింద పొగగొట్టం దాకా టార్చి వేసి చూశాడు.

"ఆదివారాలు వస్తూ ఉండండి. పనేం లేకపోయినా సరే," అంది డాక్టరమ్మ.

"వీలుపడదమ్మా. ఇంకా రెండు మూతల జాడ దొరకాలి."

"ఏ మూతలు?"

"నేను కార్ల ఫ్యాక్టరీలో పోతపని చేసేటప్పుడు ఒకే రోజు పోసినవి పన్నెండు. అచ్చు ఆరలేదని తెలుసు. షిఫ్టు అయిపోవస్తోందని పోసేశాను. ఆ అంకె నా చేత్తో వేసిందే."

ఆమె మనసు తేలికపడింది. ఇంతేనా! "ఎవరి పనిలో తప్పులుండవండీ? నాలుగు నూనె చుక్కల కోసం ఇన్నేళ్ళు కాళ్ళకి బలపం కట్టుకు తిరగాలా?"

"నేనూ నాలుగు చుక్కలే అనుకున్నాను. ఒక కారు నడిరోడ్డు మీద అంటుకుంది. నడిపేవాళ్ళు బయటికి రాలేకపోయారు."

డాక్టరమ్మ కారు మీంచి చెయ్యి తీసేసింది.

"ఎవరిదండీ ఆ కారు?"

ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు.

"మా అమ్మాయిదమ్మా."