ఒకవైపు రంగు

అమ్మకానికి పెట్టిన కారుకు ఒకవైపే రంగు ఉంది. అది షెడ్డు తలుపు వైపు.

రెండోవైపు చూడాలంటే గోడకూ కారుకూ మధ్య ఒంటి భుజంతో దూరాలి. అక్కడ నాలుగు పాత టైర్లు దొంతి పెట్టి ఆ వీలు కూడా లేకుండా చేశాడు షెడ్డాయన. ఆ పేరు వీధివాళ్ళు పెట్టింది. ఇంట్లో కంటే షెడ్డులోనే ఎక్కువ కనిపిస్తాడని. నలభై ఏళ్ళు మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా తిరిగిన మనిషి. ఎదుటివాళ్ళ మొహం చూస్తే చాలు, మనసులో ఏముందో ఇట్టే పట్టేస్తానని అతని ధీమా. అంతంత డాక్టర్లనే బుట్టలో వేసినవాడికి ఇవాళ కారు చూడ్డానికి వచ్చిన తండ్రీకూతుళ్ళు ఓ లెక్కా?

కారంటే అలాంటిలాంటి కారు కాదు. అరవై ఏళ్ళనాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, టాపు లేదు, చక్రాలకు సైకిల్‌కున్నట్టు చువ్వలు. దాని నట్లకు అంగుళాల స్పానర్లు తప్ప ఇంకేవీ పట్టవు. మళ్ళీ కొత్తదానిలా చేసి ఊరంతా తిప్పుతానని మురిసిపోతూ తెచ్చుకున్నాడు. ప్రస్తుతం ఇంజన్ స్టాండు మీద ఉంది, సీట్లు అటక మీద ఉన్నాయి, మిగతా కారంతా అట్టపెట్టెల్లో ఉంది.

సోమవారం ఇల్లు ఖాళీ చెయ్యాలి. వెళ్ళేది మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటుకు. ఇవాళ శనివారం. రేపటికల్లా ఎవరూ కొనకపోతే పాత ఇనుము వ్యాపారి గ్యాస్ కట్టర్‌తో వస్తాడు. ముక్కలు కోసి కిలోల లెక్కన తూచుకుపోతాడు. ఆ మాట తలచుకుంటేనే షెడ్డాయనకు ముద్ద దిగడం లేదు.

ప్రకటన ఇచ్చి రెండు నెలలైనా చూడ్డానికి వచ్చింది వీళ్ళే. తండ్రికి డెబ్బై దాటాయి. లేత్ మెషీన్ మీద పనిచేసి రిటైరయ్యాడట. బల్ల మీది కార్బురేటర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. మాట్లాడేదంతా కూతురే. షెడ్డాయన భార్య సామాను సర్దడం ఆపి, షెడ్డు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడింది.

"ఇంజన్ స్టార్టవుతుందా బాబాయిగారూ?"

"అవకపోవడమేంటమ్మా! పోయిన నెలే చూశాను. ఒక్క తిప్పుకే అందుకుంది."

కూతురి మొహం చిన్నబోయింది. నమ్మలేదన్నమాట, అనుకున్నాడు షెడ్డాయన.

ఆమె వంగి తలుపు కింది రేకు మీద వేలు పెట్టింది. వేలు లోపలికి దిగిపోయింది. "అమ్మో, తుప్పు! లోపలిదాకా ఉందా?" అంటూ కళ్ళు పెద్దవి చేసింది.

పాపం, హడలిపోయింది. "అబ్బే, పైపైనేనమ్మా. ఎమరీ పేపరుతో నాలుగు రుద్దులు రుద్దితే పోతుంది."

"ఓహో" అంది నీరసంగా. "మరి వైరింగు?"

"అంతా సిద్ధం. కనెక్షన్లు ఇచ్చుకోవడమే తరువాయి."

"ఈ పెట్టెల్లో ఏమున్నాయి?"

"ఏమీ లేవు, ఖాళీవి."

ఆమె ఒక పెట్టెను కాలితో నెట్టి చూసింది. కదల్లేదు. అయినా ఆమె ధర ఊసెత్తలేదు. బేరమాడని మనిషి కొనదని షెడ్డాయనకు తెలుసు.

"అయితే మొత్తం పూర్తవడానికి ఎన్నాళ్ళు పడుతుందంటారు?"

"ఎంత, ఆరు నెలలు!"

ఆమె తండ్రి మోచెయ్యి పట్టుకుంది. "వెళ్దాం పద నాన్నా."

పెద్దాయన కార్బురేటర్‌ను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"నాన్నగారిది లేత్ మీద తిరిగిన చెయ్యి కదమ్మా! ఆయనకైతే మూడు నెలలు చాలు!"

వాళ్ళు గుమ్మం దాటారు.

"రెండు! గట్టిగా కూర్చుంటే ఒక్క నెల!" కూరగాయల బేరంలా నెలలు తగ్గించుకుంటూ వెనకే పరిగెత్తాడు షెడ్డాయన.

"ఇంక చాలు, ఊరుకోండి!" గుమ్మంలోంచి భార్య అరిచింది. "ఆ పెద్దాయన మొహం చూస్తూ ఇన్ని అబద్ధాలు ఎలా చెప్పాలనిపిస్తోందండీ మీకు? అమ్మాయ్, ఈయన మాట నమ్మకు. పద్దెనిమిదేళ్ళుగా నాకూ ఇదే పాట పాడుతున్నారు. ఆ ఇంజన్ ఒక్కనాడూ స్టార్టయిన పాపాన పోలేదు. తుప్పంతా తీస్తే అడుగున ఏమీ మిగలదు, నేల కనిపిస్తుంది. ఇరవై ఆరు పెట్టెలున్నాయి, దేంట్లో ఏముందో దేవుడికే తెలియాలి. ఒక బోల్టు ఊడదీస్తే మూడు విరుగుతాయి. ఇంకో ఇరవయ్యేళ్ళు కూర్చున్నా ఇది రోడ్డెక్కదు!"

షెడ్డాయన అక్కడే వాకిట్లో నేల మీద కూలబడ్డాడు.

"కొంప ముంచావు కదే" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మనిషి పోతున్నట్టే ఉంది అతనికి. రేపు కట్టర్ పెట్టినప్పుడు ఇంట్లో ఉండకూడదు, ఎటైనా వెళ్ళిపోవాలి అనుకున్నాడు.

కూతురు గేటు దగ్గర ఆగిపోయింది. తండ్రిని అక్కడే నిలబెట్టి గబగబా వెనక్కి వచ్చింది. షెడ్డాయన్ని దాటుకుని నేరుగా భార్య ముందుకెళ్ళి నిలబడింది.

"నిజంగానే ఇరవయ్యేళ్ళ పనుందా పిన్నిగారూ?"

"ఉందమ్మా, ఒట్టు. నా మాట విని వదిలెయ్యండి, హాయిగా ఉంటారు."

ఆ అమ్మాయి హ్యాండ్‌బ్యాగు తెరిచి, ప్రకటనలో ఉన్న ధర మొత్తం లెక్కపెట్టి ఆవిడ చేతిలో పెట్టి, గేటు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"అమ్మ పోయినప్పట్నుంచి నాన్న 'ఇంక నేను బతికుండి చెయ్యాల్సిందేముంది' అంటున్నారు పిన్నిగారూ, ఎప్పటికీ తెమలని బండి కోసమే నేను తిరుగుతున్నాను."